రెండో గుంత

నేను ఒక పారను. మట్టి ఎరగను. కొండల మీద మంచు తవ్వడానికి నన్ను తేలికపాటి అల్యూమినియంతో చేశారు. ఎందరో జవాన్ల చేతులు మారి చివరికి తవిటినాయుడి చేతికొచ్చాను. శ్రీకాకుళం వైపు కుర్రాడు. అతనూ, అతని అక్క మొగుడు గున్నయ్యా ఒకే హిమాలయ శిబిరంలో జవాన్లు.

రోజుల తరబడి కురిసిన మంచు తెరిపిచ్చిన పొద్దున, కొండ పైనున్న కాపలా చౌకీలో ఒక జవానుకు ఊపిరాడడం లేదని కబురొచ్చింది. మబ్బు విడవలేదు, హెలికాప్టర్ ఎగరదు. మందులు తీసుకుని బావా బావమరుదులు కాలినడకన బయలుదేరారు.

దారిలో నిటారు వాలొకటి దాటాలి. అది జారుతుందో లేదో చూడడానికి తవిటినాయుడు గుంత తీసి, మంచును దిమ్మెలా కోసి, నన్ను దాని నెత్తిన బోర్లించి వేళ్లతో తట్టాడు. పైన అట్టు కట్టిన మంచు, కింద బొంబాయి రవ్వలాంటి పొడి మంచు. నాలుగుసార్లు తట్టేసరికే పై అట్టు నాతో సహా జారి అతని కాళ్ల మీద పడింది.

“ఇది దాటకూడదు బావా. ఎనక్కెలిపోదాం.”

“ఎలిపోతే పైనున్నోడి గతేటిరా? ఇంకో కాడ తవ్వి సూడు.”

ప్రమాదాన్ని కొలవడానికే మనుషులు నన్ను చేయించుకుంటారు. కొలత నచ్చకపోతే చోటు మారుస్తారు. రెండో గుంతలో మంచు మోచేతి నుంచి గట్టిగా కొడితే గానీ కదల్లేదు. ఇద్దరూ దాన్నే నమ్మారు. తప్పు పట్టలేను. పైన మనిషి చస్తున్నాడు మరి.

గున్నయ్య వాలు అంచున ఆగాడు, ముందు తవిటినాయుడు కదిలాడు, అతని వీపు సంచీలో నేను. సగం దాటామో లేదో, కాళ్ల కింద ‘ధుప్’మంది. వాలు వాలంతా మమ్మల్ని ఈడ్చుకుంటూ జారింది.

దొర్లినంతసేపూ నీళ్లలా ఉన్న మంచు ఆగగానే సిమెంటులా బిగిసింది. అతని చెయ్యి మొహానికి అడ్డంగా ఉండిపోయింది. ఆ చేతి చాటున ఉన్నదే గాలి. తవ్వడానికి పుట్టిన నేను అతని వీపుకూ మంచుకూ నడుమ నొక్కుకుపోయాను, అంగుళం కదల్లేను. అతని గుండె చప్పుడు నా రేకుకు తగులుతోంది. “అక్కా” అన్నాడొకసారి. గుండె చప్పుడు నెమ్మదిస్తోంది.

అతని రొమ్మున కట్టుకున్న యంత్రం పంపే సంకేతం పట్టుకుని గున్నయ్య మేం పూడుకున్న చోటికి వచ్చాడు. అతని పార మొన్నటి మంచులోనే విరిగిపోయింది. అన్నం గిన్నెతో తవ్వాడు, అది వంగిపోతే చేతులతో తవ్వాడు.

“తవిటీ, పలకరా! మీ అక్కకి నానేటి సెప్పాల్రా!”

వెలుగు పడింది. వీపు సంచీ మంచులో ఇరుక్కుని రాలేదు. గున్నయ్య దాని పట్టీలు కత్తితో కోసి మనిషిని పైకి లాగాడు. తవిటినాయుడు దగ్గి, కళ్లు తెరిచాడు.

“బావా… పార.”

“పారొగ్గీరా! పేనం దక్కింది, సాలు.”

గున్నయ్య పై చౌకీకేసి చూశాడు. తన సంచీలో మందులున్నాయి, భుజాన బావమరిది ఉన్నాడు. కిందికే తిరిగాడు. ఏడుస్తూ దిగాడు.

మర్నాడు హెలికాప్టర్ పైకి వెళ్లిన చప్పుడు విన్నాను, తిరిగొచ్చిన చప్పుడూ విన్నాను. తెచ్చింది మనిషినో, శవాన్నో, నాకు చెప్పేవాళ్లు లేరు.

మళ్లీ మంచు పడుతోంది. నా మీద ఒక పొర, దాని మీద ఇంకో పొర. ఏది గట్టిదో ఏది గుల్లదో ఇక్కణ్ణుంచి నాకు తేటగా తెలుస్తోంది. చెప్పాలంటే మాత్రం ఎవరో ఒకరు నన్ను తవ్వి తీయాలి.