పండగకి ముందు మామిడికాయ

మామిడికాయ పప్పే కదా, విషమేం పెట్టలేదు కదా అని ఎన్నిసార్లు అనుకున్నా కాళ్ళు మాత్రం తేలికపడటం లేదు, నాగశ్రీ పిల్లల ఊరికి కొండదారి ఎక్కుతోంది, ముందు కొండవాళ్ళ కువి భాష చెప్పే మాస్టరు ధనుంజయ్, వెనక మూడు రోజులుగా ఖాళీగా పడున్న బడి, ముప్పైఒక్క మందిలో వచ్చింది బజారు కొట్ల తెలుగువాళ్ళ పిల్లలు నలుగురే, హెడ్‌మిస్ట్రెస్‌గా ఆరేళ్ళలో అంత నిశ్శబ్దం ఎరగదు, ఉగాది వారం, నారాయణపట్న సంతలో కొన్న సంచీడు లేతకాయలు, రాయగడలో అమ్మ ఈపాటికి పచ్చడి కలిపి ఉంటుందన్న బెంగ, ఆ బెంగతోనే పిల్లల మధ్యాహ్న భోజనం పప్పులో ముక్కలు వెయ్యమంది, వంట చేసే సుబ్బులు గరిట ఆపి గొణిగింది కూడా, వద్దమ్మగోరూ, ఈ కొండోల్లు సైత్ పండగలో దేవతకి పెట్టుకున్నాకే కొత్తకాయ ముడతారు, ఇంకా పెట్టుకోనేదు, తనేమంది, ఊరి కట్టుబాట్లు ఊళ్ళోనే సుబ్బులూ, బడిలో అందరూ ఒకటే అంది, ఎంత గొప్పగా అనిపించిందో అప్పుడా మాట, పిల్లలు వరసగా కంచాలు తోసేస్తుంటే ఒళ్ళు మండిపోయింది, అన్నం పారేస్తే ఊరుకోను, ముందు నువ్వు తిను సుక్రీ, మంచి పిల్లవి కదూ, మూడో తరగతి సుక్రి తనకేసే చూస్తూ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంది, నమల్లేదు, మింగేసింది.

సంచీలో ఫోను మోగుతోంది, చుట్టుపక్కల బళ్ళు చూసే క్లస్టర్ సారు మన్మథరావు, ఏటమ్మా, ఎల్లుండి ఇన్‌స్పెక్షన్ పెట్టుకుని కొండలెక్కుతున్నావా, ఊరికి రేషన్ బియ్యం ఆపీస్తామని సెప్పించు, మద్దేన్నానికి పరిగెత్తుకొచ్చీకపోతే నన్నడుగు, సరే సార్ అందా, అనలేదా, గుర్తులేదు, ఊపిరి ఎగదన్నుతోంది, బియ్యం ఆపుతామంటే వస్తారు, తప్పకుండా వస్తారు, తలలు వంచుకుని కూచుంటారు, అలా కూచున్న బడికి పెద్దగా ఉండటం ఎంత సులువు, ఛీ, ఏం ఆలోచన ఇది, ఇంకా ఎంత దూరం ధనుంజయ్, వచ్చేసేం మేడమ్.

ఊరి మధ్య జనం, పూజారి జాని, అతని ఎదుట ఒంటరిగా సుక్రి, ధనుంజయ్ గొంతు తగ్గించి చెబుతున్నాడు, కట్టు తప్పింది ఎవులో తేలాలట మేడమ్, ఆల్లు కోడినిచ్చి ఊరందరి ముందు ఒప్పుకోవాల, అంతవరకూ పూజ నేదు, పిల్లల్ని బడికి పంపరు, సుక్రి నా పేరు చెప్పేసిందా ధనుంజయ్, చెబితే ఈ ఊరు ఏం చేస్తుంది, ఆఫీసు ఏమంటుంది, నేదు మేడమ్, మిగతా పిల్లలూ చెప్పనేదు, ఎవులు తినమన్నారని మూడుసార్లు అడిగేరు, ఎవులూ కాదు, ఆశకి నేనే తిన్నానంది, మీరు మాటాడకండి, కోడి ఆల్ల నాన్న తెస్తన్నాడు, అంతటితో సరి, మనకేం నేదు, మనకేం లేదు, హమ్మయ్య అని గాలి గొంతులోంచి వచ్చేసింది, అది విన్నట్టే సుక్రి తలెత్తింది, పలక మీద లెక్క చేసి చూపించే మొహంతో, సరిగ్గా చెప్పేనా టీచర్ అన్నట్టు, పెద్దవాళ్ళ మాట తీసెయ్యకూడదని నాగశ్రీ నేర్పిందే ఈ పిల్ల అప్పచెబుతోంది, ఎనిమిదేళ్ళ నెత్తిమీద హెడ్‌మిస్ట్రెస్ తప్పు, ఆరేళ్ళలో కువిలో తనకొచ్చినవి రా, కూచో, అల్లరి చెయ్యకు, తిను, అన్నీ పిల్లలకి వేసే ఆజ్ఞలే, తన గురించి చెప్పుకోడానికి ఒక్క ముక్క రాదు, ధనుంజయ్, తినమన్నది నేనేనని వీళ్ళ భాషలో ఎలా అంటారు, ఆ కోడి వచ్చేలోపే చెప్పు.