తాలు పోగా మిగిలింది

మద్దేడ్ ఊళ్లో వెంకమ్మ పొద్దున లేస్తే ముందు బియ్యం చెరుగుతుంది, తర్వాత కాగితాలు. ఎన్నికల కరపత్రమో, ఎవరో ఇచ్చిన హామీ పత్రమో తెచ్చి చాటలో వేస్తే చాలు, ముసలామె ఎగరేసి పెడుతుంది. అబద్ధపు అక్షరాలు తాలులాగా గాలికి లేచిపోతాయి, నిజమైనవి కాగితం మీదే ఉంటాయి. వాకిట్లో కోళ్లు ఆ తాలు ఏరుకు తింటాయి. ఎన్నికలప్పుడు చూడాలి వాటి బలుపు!

మనవరాలు వినీత కష్టం వేరే. జగ్దల్‌పూర్ యూనివర్సిటీలో ప్రపంచ చరిత్ర మీద పరిశోధన చెయ్యాలని ఆ పిల్ల పంతం. దేశాల సరిహద్దులు ఎవరు గీశారు, ఎందుకు గీశారు, అదీ ఆమె విషయం. సీటు కావాలంటే ఏం చదివిందో, ఏం చేయబోతోందో రాసి తీసుకుపోవాలి. దగ్గర్లో లైబ్రరీ అంటే పోటీ పరీక్షల గైడ్లే. పాపం, సిగ్నల్ కోసం గుట్టెక్కి, దొరికిందల్లా ఫోన్లోకి దించుకుని, భోపాలపట్నంలో ప్రింట్లు తీయించి గంపెడు కాగితాలు మోసుకొచ్చింది.

"ఏందే పిల్లా, ఇంత తాలా?" అంది వెంకమ్మ చెరుగుతూ.

"పుస్తకాలు లేకపోతే ఏం జెయ్యాలె అమ్మమ్మా? ఇదే దొరికింది."

చాలా పేజీలు తెల్లగా మిగిలాయి. అడుగున సన్న అక్షరాల్లో ఉన్న పుస్తకాల పేర్లు మాత్రం కదల్లేదు. వినీత వాళ్లనీ వీళ్లనీ బతిమాలి వాటిలో కొన్ని తెప్పించుకుని చదివింది. ఆ తర్వాత, అన్నీ తెలిసినదానిలా గొప్పగా ఒక వ్యాసం రాసుకుంది.

"ఇది గూడ చెరుగు అమ్మమ్మా."

"నీ రాత నేను చెరగ. నువ్వే పట్టు చాట."

భయపడుతూనే ఎగరేసింది. వాక్యాలు వరసపెట్టి లేచిపోయాయి. కోళ్లు పరుగెత్తుకొచ్చాయి. పిల్ల గొల్లుమంది. చివరి పేజీలో ఒక్క వాక్యమే మిగిలింది: 'సరిహద్దు గీతకు అటూ ఇటూ పడ్డ ఊళ్లవాళ్లను ఎవరైనా అడిగారా అన్నది నాకింకా తెలియదు.'

మళ్లీ రాసే టైం లేదు, బస్సు హారన్ కొడుతోంది. ఆ కాగితమే పట్టుకుపోయింది.

జగ్దల్‌పూర్‌లో సీట్లిచ్చే మేడం ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఇంతేనా?"

"ఇంతే మేడం. మిగతాది తెలిసినట్టు రాసిన. నిలబడలే."

మేడం కుర్చీ ముందుకు జరుపుకుంది. "మరి ఎట్లా తెలుసుకుంటావు?"

ఇంకేం, వినీత నోరు విప్పింది. చదివిన పుస్తకాలు చెప్పింది, దొరకనివి చెప్పింది, అవి ఎక్కడ ఉండొచ్చో చెప్పింది. బయట వరుసలో ఉన్నవాళ్లు విసుక్కునేదాకా చెప్తూనే ఉంది.

మేడం జాబితాలో ఆమె పేరుకు ఎదురుగా సంతకం పెట్టింది. "సోమవారం వచ్చెయ్. దొరకనివి ఇద్దరం వెతుకుదాం."

సీటు వచ్చినందుకు కాదు, 'ఇద్దరం' అన్న మాటకే వినీతకు ఏడుపు ఆగలేదు.