కొస ఉండగానే

పేరు ఆనందమే గానీ, అది ఆయన ముఖం మీద కనబడేది అమావాస్యకో పున్నానికో. కోపమొస్తే అరవడు, తిట్టడు. నోటికి తాళం వేసుకుంటాడు. పెళ్లయిన కొత్తలో భార్య సత్యవ్వ ఆ తాళం చూసి ఏడ్చేది. ఇప్పుడేముంది, "చాబీ దొరికినంక బువ్వకు రా" అని తన బీడీలు తాను చుట్టుకుంటుంది.

ఆ మంగళవారం మాత్రం తాళం పడేముందు ఆయన నాలుగు మాటలు మాట్లాడాడు. కాలేజీలో లెక్కలు చెప్పే రాధమ్మ మేడమ్ పొద్దున్నే స్కూటీ మీద ఇంటికొచ్చింది. బిడ్డ సంధ్యారాణి బీఎస్సీ ఆఖరి సంవత్సరంలో ఉంది. మేడమ్ ఇంటిదాకా వచ్చిందంటే ఏదో కొంప మునిగిందనుకున్నాడు ఆనందం. ఆమె కూర్చున్నా తాను కూర్చోలేదు.

"మంచి ముచ్చటనే అన్నా," అంది మేడమ్. "మార్కులు మంచిగున్న పిల్లలు డిగ్రీ ఆఖరి ఏడాదిలనే ఎమ్మెస్సీ మొదటి ఏడాది పేపర్లు చదువుకోవచ్చని కొత్తగ పెట్టిండ్రు. కోరుట్ల పీజీ కాలేజీల, శనివారం, ఆదివారం క్లాసులు. ఈడి డిగ్రీ ఈడనే నడుస్తది. ఎండకాలం డిగ్రీ అయినంక, ఎమ్మెస్సీ ఇంకొక్క ఏడాదిల అయిపోతది. మా కాలేజీ మొత్తానికి ఒక్కటే సీటు, అది సంధ్యకు అచ్చింది. తండ్రి స్వయంగ అచ్చి సంతకం పెట్టాలె. శనివారమే ఆఖరు."

"అయితే డిగ్రీ ఇడిచిపెట్టుడా?"

"కాదన్నా, రెండూ."

"రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏట్ల పడుడే మేడమ్. తిన్న పళ్లెం ఎత్తకముందే ఇంకో పళ్లెంల వడ్డిచ్చుకున్నట్టున్నది గిది. ముందుగాల్ల ఒక్కటి ఒడవనియ్యిండ్రి, అది అయినంక ఇంకోటి."

సత్యవ్వ బీడీల చాటలోంచి తలెత్తి మొగుణ్ని ఒక్క చూపు చూసింది. అడ్డం పడింది పడవలు కాదు, భీవండి అని ఆమెకు తెలుసు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ సాంచాలు నెలకు పది రోజులు ఆడితే గొప్ప అన్నట్టుంది ఈ మధ్య. ఆనందం చేసేది వైపని. అంటే, సాంచ మీది బీముకు చుట్టిన నూలు అయిపోవస్తుంటే కొత్త బీము తెచ్చి, పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకడం. సాంచాలే ఆగిపోతే ఇక అతికేదేముంది? మహారాష్ట్రలో మగ్గాల ఊరైన భీవండిలో, ఇక్కడివాళ్ల నోట బీమండిలో, ఉన్న బామ్మర్ది జలపతి అక్కడ పని మాట్లాడాడు, గది చూసిపెట్టాడు. సంధ్య డిగ్రీ కాగానే ముగ్గురూ పోవాలని ఇంట్లో అనుకున్న మాట. సంధ్య కూడా సరేనంది. ఇప్పుడీ సంతకం పెడితే బిడ్డ ఇంకో ఏడాది ఇక్కడే ఉండాలి. దాన్నొక్కదాన్నే వదిలి పోవాలా, పని లేకుండా అందరూ ఇక్కడే కూర్చోవాలా, తానొక్కడే పోవాలా? ఎటు అడుగేసినా ముల్లే.

మేడమ్ పోయాక సంధ్య చాయ్ గ్లాసులు తీస్తూ అంది, "నేను మాట తప్పత లేను బాపూ. నువ్వద్దంటే అద్దు."

అంతే. అలిగినా, ఏడ్చినా ఆయనకు ఎంత హాయిగా ఉండేదో! ఆ మెత్తని మాటకే నోటికి తాళం పడింది.

గురువారం శ్రీహరి కార్ఖానా నుంచి పిలుపొచ్చింది. శ్రీహరి పన్నెండు సాంచాల ఆసామి, తండ్రి పెట్టిన కార్ఖానాను నడుపుకొస్తున్న మనిషి. కొత్త బీములు వచ్చాయేమోనని ఆనందం గబగబా సద్ది కట్టించుకుని పోయాడు. తీరా చూస్తే లోపల చప్పుడే లేదు. సిరిసిల్లలో పుట్టినవాడికి సాంచాల చప్పుడుంటే నిద్ర పడుతుంది, చప్పుడు ఆగితే మెలకువొస్తుంది.

"బీములేవి శ్రీహరన్నా?"

"బీముల్లేవు గీముల్లేవు. రేపు తుక్కు కొనేటోళ్లు అస్తరు. ఉన్న బట్ట కోసి, పోగులన్ని గుంజెయ్యి."

"తోకలుంచుదామన్నా. జానెడుంచుత."

తోకంటే బట్ట కోశాక సాంచ మీద మిగిల్చే పాత పోగుల కొసలు. అవి అక్కడున్నంత కాలం భయం లేదు. కొత్త బీము పోగుల్ని వాటికి అతికి లాగితే చాలు, అన్నీ తీగల కన్నుల్లోంచి, పన్నె అనే దువ్వెన సందుల్లోంచి తమ దారిన తామే వచ్చి కూర్చుంటాయి. తోక పీకేశారా, ఇక చచ్చామన్నమాటే. వేల పోగుల్ని ఒక్కొక్కటిగా మళ్లీ మొదటినుంచి దూర్చాలి. కళ్లు లాగుతాయి, నడుము విరుగుతుంది. అందుకే వైపని తెలిసినవాడెవడూ తోక పీకడు.

"సాంచలే పోతుంటే తోకలు ఎవలికి ఆనందం?" అన్నాడు శ్రీహరి. గొంతులో కోపం లేదు. పోయి బయట అరుగు మీద కూర్చున్నాడు, మళ్లీ లోపలికి రాలేదు.

ఆనందం కత్తెర పట్టాడు. ఒక సాంచ, రెండు, మూడు. నాలుగోదాన్ని కోసి గుంజితే పోగులన్నీ పన్నెలోంచి సర్రున జారి చేతిలోకొచ్చాయి. ముప్పై ఏళ్లుగా అతుకుతూ వచ్చాడే గానీ, ఇట్లా గుంజింది లేదు. ఆ పోగుల కుచ్చు పట్టుకుని అక్కడే పీట మీద కూలబడ్డాడు. ఎందుకో బడి గుర్తొచ్చింది.

ఆయన తండ్రి రాజనర్సు కూడా సాంచాలు ఆగిన ఒక ఏడు ఇల్లంతా మూటగట్టి భీవండి బస్సెక్కించాడు. ఆనందం పదో తరగతి పరీక్షలకు ఇంకా ఇరవై రోజులే ఉంది. బళ్లో సారు ఇంటికొచ్చి, పరీక్షలయ్యేదాకా పిల్లవాణ్ని తన దగ్గర ఉంచుకుంటానన్నాడు. "ముందుగాల్ల పొట్ట సార్. పరీక్షదేమున్నది, అచ్చే ఏడు రాస్తడు తియ్యి," అన్నాడు రాజనర్సు. ఆ వచ్చే ఏడు రానేలేదు. పదేళ్లకు సిరిసిల్ల తిరిగొచ్చి, ఒకసారి ఫీజు కట్టి పుస్తకం తెరిస్తే, ఒకప్పుడు నోటికొచ్చిన లెక్కలే ముఖం తెలియని చుట్టాల్లా చూశాయి. పరీక్ష రోజు గేటుదాకా పోయి వెనక్కొచ్చాడు. ఎవరడిగినా "పది దాక చదివిన" అంటాడు. సత్యవ్వకు తప్ప ఆ 'దాక' సంగతి ఎవరికీ తెలియదు.

"ముందుగాల్ల ఒక్కటి ఒడవనియ్యిండ్రి." మొన్న మేడమ్‌తో తానన్న మాట చెవిలో మోగింది. అచ్చం అయ్య గొంతు! "థూ, నా నోట్ల మన్ను వడ," అనుకున్నాడు పైకే. పాత నూలంతా అయిపోయి, కొస కూడా పోయాక అతికే మొనగాడు ఈ లోకంలో ఎక్కడున్నాడు?

మిగతా ఎనిమిది సాంచాలూ కోశాడు. ఒప్పుకున్న పని, చేయక తప్పదు కదా.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా అడిగాడు. "బిడ్డా, గిప్పుడు గిది ఇడిచిపెట్టి, రెండేండ్లు బీమండిల ఉండి అచ్చినంక చదువుత అంటే ఎట్ల?"

"మల్ల ఎంట్రన్స్ రాయాలె బాపూ. సీటస్తే మొదటి సంది షురువు, రెండేండ్లు."

"అప్పుడు చదువుతవా మరి?"

ఆ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు. "ఏమో బాపూ," అంది.

ఆ 'ఏమో' ఆనందానికి బాగా తెలిసిందే. గేటుదాకా పోయి వెనక్కొచ్చింది అదే.

"శనివారం కోరుట్లకు పోదాం," అన్నాడు.

సత్యవ్వ చేతిలో బీడీ ఆగింది. "మరి బీమండి?"

"నేను పోత. ఎండకాలం దాక ఎందుకు, అచ్చే నెలనే పోత. మీరిద్దరు ఈన్నే ఉండుండ్రి."

"ఒక్కనివే? గంజి వార్చుడన్న అచ్చునా నీకు?"

"నేర్సుకుంట."

"ఆహా, యాభై ఏండ్లకు నేర్సుకుంటడట!" అని నవ్వింది సత్యవ్వ. నవ్వుతూ నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆనందానికీ ఏడుపొచ్చింది గానీ, కాళ్లు కడుక్కునే నెపంతో బయటికి పోయాడు.

శనివారం తండ్రీబిడ్డలు వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్ల పోయారు. సంధ్యకు ఆధార్ కార్డు మీద జీరో టికెట్, ఆనందానికి పైసల టికెట్. "నన్ను గూడ ఆడోళ్లల్ల రాయకపోతివి," అని కండక్టరమ్మతో ఎకసెక్కమాడాడు. బిడ్డ ఆశ్చర్యంగా చూసింది. ఆ నోటి నుంచి పరాచకం వినడం ఎన్నాళ్లకో!

కాలేజీ వరండాలో జగిత్యాల నుంచి వచ్చిన ఎమ్మెస్సీ పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. గుమస్తా ఇచ్చిన ఫారాన్ని సంధ్య గోడకు ఆనించి నింపుతోంది. పేరు, ఊరు, తండ్రి పేరు. తండ్రి చదువు అన్న గడిలో, చిన్నప్పటి నుంచి ప్రతి కాగితం మీదా రాసినట్టే, చకచకా 'పదవ తరగతి' అని రాసేసింది.

"అది కొట్టెయ్యి బిడ్డా," అన్నాడు ఆనందం. "తొమ్మిది అని రాయి."

సంధ్య తలెత్తింది.

"పది పరీక్ష నేను రాయలే. ఇరవై రోజులున్నదనంగ బీమండి పట్టుకపోయిండు మీ తాత. సిగ్గుకు ఇన్నేండ్లు నీకు చెప్పలే."

సంధ్య గీత కొట్టి, పక్కన 'తొమ్మిది' అని నెమ్మదిగా రాసింది. ఫారం చూసి గుమస్తా విసుక్కున్నాడు. "కొట్టివేత ఉంటే పక్కకు సంతకముండాలె. తప్పు రాసిందెవలు?"

"నేనే సార్," అన్నాడు ఆనందం. అక్కడొక సంతకం పెట్టాడు, అడుగున ఇంకొకటి పెట్టాడు.

గంట కొట్టారు. సంధ్య క్లాసు గుమ్మందాకా పోయి, మళ్లీ వెనక్కొచ్చింది.

"బాపూ, పది ఇప్పుడు గూడ రాయచ్చు. ఓపెన్ స్కూల్ ఉన్నది. పరీక్షలకు బీమండి నుంచి అస్తె సాలు. లెక్కలు నేను ఫోన్ల చెప్త."

"నాకా? గీ వయసుల మొదటి సందా?"

"మొదటి సంది ఎందుకు? తొమ్మిది ఉన్నది కదా."

ఆనందం నోటికి తాళం పడింది. బిడ్డ నవ్వి లోపలికి పోయింది. ఆయన బస్సుకు పోకుండా వరండా మెట్ల మీద కూర్చున్నాడు. లోపల సారు ఏదో లెక్క మొదలుపెట్టాడు. వింటున్నదాంట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా క్లాసు అయిపోయేదాకా అక్కడి నుంచి లేవలేదు.