కొలతకు నిలవని గది

పొద్దున టీ తాగే వేళకే అక్క చేతిలో టేపు కనిపించిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. ఎవరికీ అంటే తమ్ముడికే. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

అక్క స్కూలు యూనిఫాంలు కుట్టే కంపెనీలో కటింగ్ మాస్టరు. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచిందీ చదివించిందీ ఆవిడే. తమ్ముడు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాడు. మొదటి పుస్తకంలో అతను వేసిన ఏనుగుకు ఒక పిల్ల రోజూ ముద్దు పెట్టి పడుకుంటుందట. కంపెనీలో ఆ మాట అక్క నోట వినని మనిషి లేడు. రెండో పుస్తకానికి ఒప్పుకుని చాలా కాలమైంది. ఇంతవరకూ ఒక్క బొమ్మా పడలేదు.

"తప్పు నీది కాదురా, గదిది," అని తేల్చేసింది అక్క. "ఆ గోడలు చూడు, ఆసుపత్రిలో ఉన్నట్టుంది. అలాంటి చోట ఏనుగులెలా పుడతాయి?"

కంపెనీకి సెలవు పెట్టి, వెనకగదిని స్టూడియో చేయడానికి నడుం బిగించింది.

ఆ ఇంటి సంగతి ఒకటుంది. అందులో గదులు, లోపలున్న మనిషి మనసును బట్టి పెరుగుతాయి, తరుగుతాయి. వాళ్ళమ్మ ఉన్న రోజుల్లో వంటగదిలో ఇరుగుపొరుగు పిల్లలంతా దాగుడుమూతలు ఆడుకునేవారు. నాన్న మంచం పట్టినప్పుడు ముందుగది ఆ మంచానికి సరిపడా మాత్రమే మిగిలింది. ఇంటిపన్ను మనిషి రెండుసార్లు కొలిచి, రెండు లెక్కలు వచ్చేసరికి మధ్యలో ఏదో రాసుకుని పోయాడు. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు. ఒకరింట్లో కప్పు కారుతుంది, వీళ్ళింట్లో గోడలు జరుగుతాయి.

అక్క ముందు గోడలకు పసుపురంగు వేయించింది. కిటికీకి ఆకుపచ్చ పరదాలు తనే కుట్టింది. వేసిన బొమ్మలు ఆరేయడానికి ఒక గోడ నుంచి ఇంకో గోడకు తాడు కట్టి, క్లిప్పులు తగిలించింది. మెడ వంచితే ఎటు కావాలంటే అటు తిరిగే దీపం తెచ్చింది. చివరికి ఆ ఏనుగునే పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, సరిగ్గా బల్ల ఎదురుగా పెట్టించింది.

"కూర్చుని తలెత్తితే ఇదే కనిపించాలి. నువ్వేంటో నీకు గుర్తుండాలి," అంది.

తమ్ముడు కూర్చున్నాడు. తలెత్తాడు. ఏనుగు అతన్నే చూస్తోంది. వీపు వెనక గోడ బొటనవేలి మందాన ముందుకొచ్చింది.

మర్నాడు వడ్రంగి అరలు తెచ్చాడు. గోడకు ఆనిస్తే బెత్తెడు ఎక్కువైంది.

"కొలత ఎలా తీశావయ్యా?" అంది అక్క.

"తీసినప్పుడు సరిగ్గానే ఉందమ్మా. రాత్రికి రాత్రి గది తగ్గితే నా టేపుదా తప్పు?" అని వడ్రంగి చెక్కను కోతకు పెట్టాడు. రంపం ఆడిస్తూ తమ్ముడి వంక ఒకసారి చూశాడు. 

 గది ఎందుకు తగ్గుతోందో తమ్ముడికి తెలుసు. చెప్పాలని రోజూ టీ దగ్గర మొదలుపెడతాడు. అక్క వేళ్ళకంటిన పసుపురంగు చూడగానే టీ గ్లాసు కడిగే వంకతో లేచిపోతాడు.

అరలు వచ్చాక చాప అంచు గోడ దగ్గర మడతపడింది. కొత్త కుర్చీ వచ్చాక కిటికీ సగానికి మించి తెరుచుకోవడం మానేసింది. కట్టిన తాడు వదులై, క్లిప్పులు అతని తలకు తగిలేంత కిందికి వేలాడింది. అక్క మాత్రం, "సామాను ఎక్కువైందంతే," అంటూ ఇంకో పూలకుండీ తెచ్చిపెట్టింది.

పుస్తకాలు అచ్చువేసే ఆవిడ శుక్రవారం వస్తున్నానని ఫోన్ చేసింది. బొమ్మలు చూడకుండా ఇక వెళ్ళనంది.

గురువారం పొద్దున తమ్ముడు ఎప్పట్లాగే పార్కుకు వెళ్ళొస్తానని చెప్పులు వేసుకున్నాడు. అక్క ఆ చెప్పులు తీసి అటక మీద పెట్టింది.

"ఇవాళ నడక లేదు, ఏమీ లేదు. లోపలికి పద."

"అక్కా, అది కాదు..."

"రేపు ఆవిడ ముందు నన్ను తల దించుకోమంటావా?"

 లోపలికి వెళ్ళాడు. వెనక గడియ పడిన చప్పుడైంది.

"ఒక్క బొమ్మ పూర్తిచెయ్. తీస్తాను," అంది అక్క బయటినుంచి. తలుపుకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

తమ్ముడు కాగితం పరిచాడు. పెన్సిలు చెక్కాడు. తొండం కోసం ఒక గీత గీశాడు, చెరిపాడు. కుర్చీ వీపు తనంతట తానే అతన్ని ముందుకు నెట్టింది. తిరిగి చూస్తే గోడ. ఎడమవైపు అరలు కిర్రుమని వంగాయి. ఒక రంగుసీసా దొర్లి కిందపడింది. కాళ్ళు చాపబోతే ఎదురుగోడ తగిలింది. ఏనుగు ఫ్రేము ఎంత దగ్గరికి వచ్చిందంటే, అద్దం మీద తన ఊపిరి మసకగా పడుతోంది.

"ఏంటా చప్పుడు?" అంది అక్క.

"ఏం లేదు."

ఆ ఏం లేదు అనగానే బల్ల అంచు పొట్టకు ఒత్తుకుంది. అతను లేచి నిలబడబోయాడు, కుదరలేదు. పూలకుండీ పటుక్కున పగిలింది. బయట పీట జరిగింది.

"ఒరేయ్, తలుపు తీస్తున్నా." గడియ తీసిన చప్పుడు. తలుపు కదల్లేదు. చట్రం బిగుసుకుపోయింది. అక్క భుజంతో మోదింది. మళ్ళీ మోదింది. "లాగరా నువ్వు."

"చెయ్యి అందట్లేదక్కా."

ఆవిడ గొంతు మారింది. "ఏమైందిరా నీకు? నీ మనసులో ఏముందో చెప్పి చావు."

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. పక్కటెముకల మీద రెండు గోడలూ ఆనుకుని ఉన్నాయి. మాట్లాడటానికి ఎంత గాలి కావాలో అంతే మిగిలింది.

"నాకు బొమ్మలు వేయాలని లేదు. ఆ పుస్తకం అయ్యాక ఎప్పుడూ అనిపించలేదు. పార్కుకు కాదు నేను వెళ్ళేది. దాని వెనక డిపో ఉంది. బస్సు నడపడం నేర్చుకుంటున్నా. ఉద్యోగం ఇస్తామన్నారు. నీకు చెప్పలేక చేరడం ఆపాను."

గోడలు ఆగిపోయాయి. వెనక్కి మాత్రం వెళ్ళలేదు.

 బయట వీధి తలుపు తెరుచుకుంది. అక్క వడ్రంగిని వెంటబెట్టుకొచ్చింది. అతను బందులు ఊడదీసి తలుపు పక్కన పెట్టాక, తమ్ముడు పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి, బయటపడ్డాడు. చొక్కా గుండీలన్నీ ఊడిపోయాయి. అక్క అతన్ని తల నుంచి కాళ్ళదాకా ఒకసారి తడిమి చూసింది. ఎముకలన్నీ ఉన్నాయని తేలాక వెళ్ళి తన గదిలో పడుకుంది.

పుస్తకాలావిడకు తమ్ముడే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఈ మాట మొదట్లోనే చెబితే ఇంకొకళ్ళకు ఇచ్చుకునేదాన్ని కదా," అని ఆవిడ పెట్టేసింది. అందులో అబద్ధం లేదు. 

ఆ తర్వాత ఇంట్లో మాటలు గోడలకు చెప్పినట్టు నడిచాయి. "టీ పొయ్యి మీద ఉంది," అని అక్క కిటికీతో అనేది. "సాయంత్రం ఆలస్యమవుతుంది," అని తమ్ముడు గుమ్మంతో అనేవాడు. ఉద్యోగంలో చేరే రోజున ఖాకీ చొక్కా వేసుకుని ఆవిడ ముందు నిలబడ్డాడు.

"భుజం కుట్టు జారింది," అంది అక్క, ఎటో చూస్తూ. "కంపెనీ కుట్లు ఇంతే."

అతను వెళ్ళాక ఆవిడ కత్తెర తీసుకుని వెనకగదికి వెళ్ళింది. ఎంతో ముచ్చటపడి అమర్చినదంతా పీకి పారేయాలనే వెళ్ళింది. పక్కకు తిరిగి లోపలికి దూరి, ఆకుపచ్చ పరదా లాగి, మసిగుడ్డలకైనా పనికొస్తుందని కోయడం మొదలుపెట్టింది. చేతబట్టినప్పటినుంచీ ఆవిడ కత్తెర ఎవరో ఒకరి కొలతకే నడిచింది. ఆ పూట కొలత లేదు. కోపం మీద కత్తెర ఎటో వంకర తిరిగింది. తెగిన ముక్క ఆకులా లేదు, చేపలా లేదు, ఏమిటో తెలియదు కానీ ఆవిడ దాన్ని నేలమీద పెట్టి కాసేపు చూసింది. పక్కన ఇంకోటి కోసి పెట్టింది. మోచేతికి గోడ తగలడం ఎప్పుడు మానేసిందో ఆవిడ గమనించలేదు.

సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద టీ లేదు. వెనకగది వైపు నుంచి కత్తెర చప్పుడు వినిపించింది, ఎక్కడో వీధి చివర ఎవరో కోస్తున్నట్టు. గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. ఎదురుగోడ దూరాన పసుపు గీతలా కనిపిస్తోంది. మధ్యలో, పరిచిన గుడ్డముక్కల నడుమ, అక్క పిడికిలంత ఉంది.

అప్పుడే ముందుగదిలో ఆవిడ ఫోన్ మోగింది. కంపెనీ సూపర్‌వైజర్. సెలవు అయిపోయింది కదా, ఎప్పుడొస్తారని అడగడానికి. తమ్ముడు ఫోన్ తీసుకుని గదిలోకి బయల్దేరాడు. త్వరగా నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. గుడ్డముక్కలు తొక్కకుండా పక్కల నుంచి వెళ్ళాల్సి వచ్చింది. అతను చేరుకునేలోపే ఫోన్ ఆగిపోయింది.

అక్క తలెత్తింది. నోట్లో దారం ఉంది.

"ఎవరు?"

"మీ సూపర్‌వైజర్." అతను వగరుస్తున్నాడు. "మళ్ళీ చేస్తాడు. ఏమని చెప్పను?"

ఆవిడ దారం కొరికి, చేతిలోని ముక్కను అటూ ఇటూ తిప్పి, ఎక్కడ పెట్టాలో చూసుకుంది.

"నేను దూరంగా ఉన్నానని చెప్పు," అంది. "ఇప్పుడప్పుడే రాలేనంత దూరం."