పార్టీ వచ్చింది

ఇది తొంభైల నాటి మాట. మా కొండల్లో పార్టీ అంటే ఏమిటో గొంతును బట్టి తెలుసుకోవాలి. గట్టిగా అంటే మిరియాలు కొనే షావుకారు. నవ్వుతూ అంటే కోడీ, మందూ. మైకులో అంటే ఎన్నికలు. గొంతు తగ్గించి అన్నారా, అడవిలో తుపాకులు పట్టుకు తిరిగే అన్నలు. ఇంగ్లీషువాడు ఒక్క మాట మా మొహాన పడేసి చేతులు దులుపుకున్నాడు. చచ్చేది మేము.

బుధుది పుట్టుకతోనే చిన్న గొంతు. అదే కొంప ముంచింది. అరకు సంతలో అల్లం అమ్ముతూ, "నిన్న మా ఇంటికి పార్టీ వచ్చింది" అన్నాడు పక్కవాడితో. వచ్చింది అతని కూతురు రత్నను చూసుకోడానికి, పెళ్ళికొడుకు పార్టీ. పోలీసోడికి పిల్లనివ్వాలా వద్దా అని బుధు ఇంకా తేల్చుకోలేదు. ఈలోగా ఆ మాట ఎవడో మోసేశాడు. మధ్యాహ్నానికి బుధు ఔట్‌పోస్టులో ఎస్సై ముందున్నాడు.

గుమ్మం దగ్గర రైఫిల్ పట్టుకుని నిలబడ్డ కానిస్టేబుల్ మంగ్లుకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పెళ్ళికొడుకు వాడే. జ్వరమని అబద్ధం చెప్పి పిల్లను చూసొచ్చాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఉద్యోగం గల్లంతు.

"మీ ఇంటికి పార్టీ వచ్చిందా?" అన్నాడు ఎస్సై.

"వచ్చింది బాబూ. కోడి కోసినాను."

"ఏమన్నారు?"

"మా గుంట నచ్చిందన్నారు. మళ్ళీ పెద్దల్ని తీసుకొత్తామన్నారు."

"ఆడపిల్లల్ని కూడా చేర్చుకుంటున్నారా!" ఎస్సై కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "పెద్దలంటే? పై కమిటీయా?"

"ఆళ్ళు రాకుండా పని అవదు గదా బాబూ."

"వచ్చినవాళ్ళలో తుపాకీ పట్టేవాడున్నాడా?"

"ఒకడున్నాడు బాబూ."

"పేరు చెప్పు!"

బుధు గుమ్మం వైపు చూశాడు. మంగ్లు తల దించుకున్నాడు.

"మా ఇంట కూడు తిన్నోడి పేరు నానెలా సెప్తాను బాబూ?"

"లాకప్‌లో వెయ్యి వీణ్ణి!" ఎస్సై తాళాలు మంగ్లు మీదికి విసిరాడు.

అవి కింద పడ్డాయి. మంగ్లు వంగలేదు.

"జ్వరం కాదు సార్. ఆ పార్టీ నాదే సార్. ఈయన మా... మామ సార్."

ఎస్సై టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ముందు ఎవర్ని తిట్టాలో పాపం ఆయనకు తోచలేదు. ఆయన తేల్చుకునేలోగా బుధు తేల్చుకున్నాడు.

"గుంటనిత్తాను బాబూ. ఈడి ఉద్దోగం తియ్యకండి. పెద్దమనిషిగా మీరే రండి."