పొత్తం కింద ఇనుము

కనపడని క్యారియర్ కావాలని అంగ్‌చుక్ అడిగితే, మెహదీ కాకా చేతిలో స్పానరు కింద పెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు.

లేహ్ బజారు వెనక సందులో ఉంది కాకా దుకాణం. మోటారు సైకిళ్ల వెనక బిగించే ఇనప క్యారియర్లు గోడ నిండా వేలాడుతున్నాయి, కసాయి కొట్లో పక్కటెముకల్లాగా. కొన్ని మంచమంత ఉన్నాయి. మైదానాల నుంచి వచ్చే కుర్రకారుకు అవే ముద్దు. పెట్టెలూ డబ్బాలూ గుడారాలూ కట్టుకుని, బండి కనపడకుండా చేసుకుని పోతుంటారు.

"క్యారియర్ అంటే సామాను పెట్టుకునేది. అదే కనపడకపోతే సామాను గాలిలో పెడతావా?" అన్నాడు కాకా.

"పెట్టింది కనపడాలి కాకా-లే. మోసేది కనపడకూడదు," అన్నాడు అంగ్‌చుక్, మర్యాదకు "లే" చేర్చి.

"మా ఆవిడా అదే అంటుంది. తెచ్చిన సరుకు కనపడాలంట, తెచ్చిన నేను కనపడకూడదంట."

అంగ్‌చుక్ నవ్వలేదు. అతను మాట పొదుపు మనిషి. నాలుగు మాటలు ఆడాలంటే ఎనిమిది సార్లు గొంతు సవరించుకుంటాడు. అయినా ఆ రోజు చెప్పక తప్పలేదు.

వాళ్ల ఊరు ఫస్కర్. ఏటా బార్లీ పైరు మోకాలెత్తు లేచే వేళకు ఊళ్లో బుమ్‌స్కోర్ జరుగుతుంది. బుద్ధుడి మాట రాసి ఉన్న పెద్ద పెద్ద పొత్తాలను ఇంటికొకరు వీపున కట్టుకుని పొలాల చుట్టూ తిరుగుతారు. పొత్తం నీడ పడని చేను గింజ పట్టదని నమ్మకం. మిగతా పొత్తాలన్నీ ఊళ్లోనే ఉన్నా, మొదటిది మాత్రం కనుమకు అవతల గొంపాలో, అంటే బౌద్ధ మఠంలో ఉంటుంది. అది వచ్చి ముందు నిలిస్తేగానీ తక్కినవి కదలవు. దాన్ని తెచ్చే వంతు తాతముత్తాతల నాటి నుంచీ అంగ్‌చుక్ ఇంటిది. తండ్రి వీపున మోసుకొచ్చాడు. అంగ్‌చుక్ కూడా మోశాడు, గోడ కడుతుండగా బండ జారి నడుం మీద పడేదాకా. వీపున బరువు ఎత్తావంటే కాళ్లు రెండూ పోతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు.

నిరుడు పొత్తాన్ని జీపులో తెప్పించారు. జీపు దుమ్ము లేపుకుంటూ రివ్వున వచ్చేసింది. దారిలో గుడిసెల ముందు ధూపం పట్టుకుని పొద్దుటి నుంచీ నిలబడ్డ ముసలివాళ్లకు ఆ దుమ్మే దక్కింది. తల ఆనించుకుందామని వచ్చినవాళ్లు పొత్తం ఆ జీపులోనే వెళ్లిపోయిందని తెలియక చీకటిపడేదాకా అక్కడే నిలబడ్డారట. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి అంగ్‌చుక్‌కు అన్నం సహించలేదు.

ఈసారి ఊరి పెద్ద వంతు మార్చేద్దామన్నాడు. పక్కింటి స్కర్మాకు ఇద్దరు ఎదిగిన కొడుకులున్నారు, వీపులు గట్టివి. అంగ్‌చుక్ లేచి, నా బుల్లెట్టు బండి మీద తెస్తాను, దారిలో ప్రతిచోటా ఆపుతాను అన్నాడు. గొంపాలో పెద్ద గురువు లోపోన్ ఒప్పుకుంటే సరే, లేదంటే వంతు స్కర్మా ఇంటిదే అని తీర్పయింది. ఒకసారి గడప దాటిన వంతు మళ్లీ వెనక్కి రాదు.

"దారిలో జనం పొత్తానికి తల ఆనిస్తారు. ఇనుముకి ఆనించకూడదు కదా. అందుకు" అని ముగించాడు అంగ్‌చుక్.

కాకా మళ్లీ వేళాకోళం ఆడలేదు. నూనె చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాడు. గోడ మీదవి ఒక్కొక్కటీ దింపి బండి వెనక పెట్టి చూపించాడు. ఒకటి తళతళలాడుతోంది, కొత్త పెళ్లికొడుకు పళ్లలాగా. అది వద్దన్నాడు అంగ్‌చుక్. ఇంకొకటి నల్లగానే ఉంది గానీ పక్కలకు కొమ్ములు సాచింది. మూడోది సీటుకు పైన నిచ్చెనలా నిలబడింది. ఎంత దూరం నుంచి చూసినా ముందు ఆ నిచ్చెనే కంటపడుతుంది.

చివరికి కాకా అటక మీద నుంచి ఒక నల్ల గొట్టాన్ని తీశాడు. సన్నగా, వెనక దీపం వంపును అనుసరించి వంగి ఉంది. బిగిస్తే సీటు తోక కిందికి ఒదిగిపోయింది. దాని మీద చెక్క పలక ఒకటి పెట్టి గుడ్డ కప్పితే, పలక గాలిలో తేలుతున్నట్టుంది. అంగ్‌చుక్ వెనక్కి జరిగి చూశాడు, పక్కకు వెళ్లి చూశాడు, నేల మీద చతికిలబడి చూశాడు. ఎటు నుంచి చూసినా ఇనుము లేదు.

"ఇంత ఒద్దికైన ఇనుము నా కొట్లో ఇదొక్కటే. ఎవరికీ నచ్చక పడుంది" అన్నాడు కాకా.

ఇంటికొచ్చి బండి ఆపితే, భార్య స్పల్జెస్ చుట్టూ తిరిగి చూసి, క్యారియర్ కోసం లేహ్ వెళ్లి ఉత్త చేతులతో వచ్చారేం అని అడిగింది. ఆ పూట అంగ్‌చుక్ రెండు గిన్నెలు తుక్పా తాగాడు.

పండగకు ముందు రోజు తెల్లవారుతుండగానే బయల్దేరి కనుమ దాటాడు. గొంపా చేరేసరికి ఎండ అప్పుడే కొండ కొమ్ము మీదికొచ్చింది. లోపోన్ త్సుల్‌ట్రిమ్ పెద్దవాడు, చూపు మందగించింది గానీ బుద్ధి పదును తగ్గలేదు. చిన్న లామాలు పొత్తాన్ని బయటికి తెచ్చారు. రెండు చెక్కల మధ్య ఆకులు పేర్చి, పసుపు పట్టు చుట్టి, పటకాతో బిగించిన పొత్తం. పసిబిడ్డంత పొడవు, గొర్రెపిల్లంత బరువు.

లోపోన్ బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అరచెయ్యి సీటు మీద ఆనించాడు. అలాగే వెనక్కి జరిపాడు. సీటు అంచు దాటగానే ఆ చెయ్యి జానెడు కిందికి దిగి క్యారియర్ మీద ఆగింది.

అంగ్‌చుక్ గుండె కూడా ఆ చేతితోపాటే దిగింది.

కనపడకూడదని వెతికీ వెతికీ సీటు కిందికి ఒదిగేదాన్ని ఎంచుకున్నాడు. ఒదిగింది అంటే కిందికి పోయిందనేగా. పొత్తాన్ని అక్కడ పెట్టి తను సీటెక్కితే, బుద్ధుడి మాట తన పిరుదుల కింద ఉంటుంది. పొత్తాన్ని నేల మీద పెట్టడు, దాటడు, దాని వైపు కాళ్లు చాపడు. పుట్టిన దగ్గర్నుంచీ ఒంట్లో ఉన్న సంగతి. గొట్టం వంపు చూసి మురిసిపోతూ అదొక్కటీ మరిచాడు.

లోపోన్ కోప్పడలేదు. గొంపా జీపు ఉందనీ, డ్రైవరు టీ తాగి వస్తాడనీ మెల్లగా చెప్పాడు. ఇందులో సిగ్గు పడాల్సిందేమీ లేదనీ అన్నాడు. అంగ్‌చుక్ తల ఊపాడు. తల ఊపుతూనే ఖాళీ సీటు వంక చూస్తూ ఉండిపోయాడు. జీపు ఎక్కితే దారి వెంట దుమ్ము, గుడిసెల ముందు చల్లారిన ధూపం, రేపటి నుంచి స్కర్మా గడప. అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

గొంతు సవరించుకున్నాడు. "లోపోన్-లే, కింద అయింది ఎవరికంటే?"

"కూర్చున్నవాడికంటే."

"కూర్చోకపోతే?"

లోపోన్ మందగించిన కళ్లు చికిలించి అతని నడుం వైపు, కనుమ వైపు చూశాడు. కనుమ మీద నిరుటి మంచు ఇంకా తెల్లగా ఉంది.

"నడిచేవాడు మోసేవాడు. కూర్చున్నవాడు మోయించుకునేవాడు" అన్నాడు చివరికి. "నీ నడుం ఏమంటుందో దాన్నడుగు."

"అది బండిని పట్టుకుని వస్తుంది."

పొత్తాన్ని క్యారియర్ మీద నిలిపి, పట్టు పటకాతో కట్టారు. అంగ్‌చుక్ ఇంజను తనంతట తాను తిరిగేలా మర కాస్త బిగించి, మొదటి గేరులో వేసి, బండి పక్కన నిలబడి మెల్లగా క్లచ్చి వదిలాడు. బుల్లెట్టు డుబ్ డుబ్ మంటూ కదిలింది. సీటు ఖాళీగా ఉంది. అతను హ్యాండిలు పట్టుకుని పక్కనే నడిచాడు.

మొదట్లో బండిని తను లాక్కుపోతున్నాననుకున్నాడు. ఎత్తు మొదలయ్యాక తెలిసింది, బండే తనను లాక్కుపోతోందని. నడుం బరువంతా హ్యాండిలు మీద పడింది. మనిషి నడకకు మించి అది పోలేదు, తగ్గనూ లేదు. ఇంజను కాగితే ఆపేవాడు, ఆపినప్పుడల్లా పొత్తం కంటే కిందుగా రోడ్డు పక్కన రాయి మీద కూర్చునేవాడు. కింద లోయ నీలంగా పరుచుకుంది. చప్పుడు లేదు. అంత పెద్ద కొండల నడుమ ఆ పసుపు పట్టు మూట ఒక్కటే వెచ్చగా ఉన్నట్టనిపించింది. దాన్ని ఇన్నేళ్లు వీపున మోశాడు గానీ, మోస్తున్నంతసేపూ అది వెనక ఉంది. దాన్ని చూస్తూ నడవడం ఇదే మొదలు. గాలికి పటకా అంచు అల్లాడుతుంటే లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టుంది.

రోడ్డు పనివాళ్లు ఎదురయ్యారు. ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు, ముఖాలకు గుడ్డలు కట్టుకుని తారు కాస్తున్నారు. మనిషి ఎక్కని బండి వస్తుంటే పలుగులు ఆపి చూశారు. ఏమిటని ఎవరూ అడగలేదు. ఒకావిడ ముందుకొచ్చి, క్యారియర్ కిందుగా ఉండటంతో మోకాళ్ల మీద కూర్చుని, పట్టుకు నుదురు ఆనించింది. ఆమె వెనక మిగతావాళ్లూ వచ్చారు. తారు పొగలో ఒక్కొక్కరే మోకరిల్లి లేచారు. అంగ్‌చుక్ హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు. వీపున మోసిన రోజుల్లో జనం నిలబడే తల వంచేవాళ్లు. ఇప్పుడు నేల దాకా వంగుతున్నారు. ఒద్దికైన ఇనుము ఎంత పని చేసిందో అనుకున్నాడు.

కనుమ పైన మిలిటరీ లారీల వరుస వచ్చింది. ముందు లారీ ఆగింది. దాని వెనకవన్నీ ఆగాయి. డ్రైవరు సర్దార్జీ దిగి, ఇది మీ గ్రంథమా అని హిందీలో అడిగాడు. అవునన్నాడు అంగ్‌చుక్. సర్దార్జీ బూట్లు విప్పి, మంచు మీద వట్టి కాళ్లతో నిలబడి, చేతులు కట్టుకున్నాడు. బండి చివరి లారీని దాటేదాకా ఒక్క ఇంజనూ మోగలేదు. అంత వరుసలోనూ ఒక్క బుల్లెట్టే డుబ్ డుబ్ మంటూ పోయింది.

దిగుడులో ఇంజను ఆపి, గేరులోనే ఉంచి, క్లచ్చి పట్టుకుంటూ వదులుతూ దించాడు. ఇప్పుడు బండి బరువు అతని మీదికి తోసుకొచ్చింది. నడుంలో కత్తులు దిగినట్టయింది. పళ్లు కరిచి పట్టుకున్నాడు.

గుడిసెల దగ్గర ధూపం పొగ కనిపించింది. ముసలివాళ్లు నిలబడే ఉన్నారు. వాళ్లలో అవ్వ చోరోల్ అబీకి రెండు కళ్లూ కనపడవు. మనవరాలు చెయ్యి పట్టుకుని తెచ్చి పొత్తం ముందు కూర్చోబెట్టింది. అబీ నుదురు ఆనించి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత చేతులతో తడిమింది. పట్టు మీద, చెక్క అంచు మీద, పటకా ముడి మీద. కిందికి, పక్కలకు వెతికింది. ఆ వేళ్లకు ఇనుము తగల్లేదు.

"ఎవరి వీపు నాయనా ఇది? ఇంత కిందికి వంగి నిలబడ్డాడు. నడుం నొప్పి పుట్టదూ?" అంది.

మనవరాలు ఏదో చెప్పబోతే అంగ్‌చుక్ చెయ్యెత్తి ఆపాడు. అబీ ఆ కనపడని వీపును దీవించి, ధూపం పొగ దాని మీదికి విసిరింది.

ఊరి పొలిమేరకు వచ్చేసరికి పొద్దు కొండ వెనక్కి జారుతోంది. డోలూ సన్నాయీ పట్టుకుని ఊరంతా ఎదురొచ్చింది. చేల గట్ల మీద పిల్లలు, ముందు ఊరి పెద్ద, పక్కన స్కర్మా. ఖాళీ సీటు చూడగానే డోలు ఆగిపోయింది. ఊరి పెద్ద ఆ సీటు వంక చూసి, అంగ్‌చుక్ బూట్ల వంక చూశాడు. బూట్ల మీద కనుమ అవతలి ఎర్ర మట్టి, ఇవతలి బూడిద మట్టి, రెండూ పట్టి ఉన్నాయి. అడగాల్సిందేమీ మిగల్లేదు. ఆయన మోకాళ్ల మీదికి దిగాడు. ఆయన వెనక ఊరు దిగింది.

అంగ్‌చుక్‌ను ఎవరూ పలకరించలేదు. జూలే అన్నవాళ్లు లేరు. అందరి కళ్లూ పసుపు పట్టు మీదే. అతనికది బాగుంది. ఇంతమంది మధ్య నిలబడి ఇంత ఒంటరిగా, ఇంత నిండుగా అతను ఎప్పుడూ లేడు.

స్కర్మా నుదురు ఆనించి లేచాడు. పటకా ముడి తనే విప్పి, పొత్తాన్ని ఎత్తి కొడుకు వీపు మీద పెట్టబోయి ఆగాడు.

"రేపు పొలాల చుట్టూ మావాడు మోస్తాడు ఆచో-లే, నువ్వు సరేనంటే. తేవడం మటుకు నీదే. వచ్చే ఏడూ నీదే."

అంగ్‌చుక్ సరేనన్నాడు. ఊరి పెద్దా తల ఊపాడు. డోలు మళ్లీ మొదలైంది. జనం పొత్తం వెనక ఊళ్లోకి సాగిపోయారు.

స్పల్జెస్ ఒక్కతే ఆగింది. బండికి స్టాండు వేసి రమ్మంది. అంగ్‌చుక్ కదల్లేదు. పొద్దుటి నుంచి క్లచ్చి మీద ఉన్న ఎడమ చేతి వేళ్లు బిగుసుకుపోయాయి, విడిపోవడం లేదు. ఆమె దగ్గరికొచ్చి ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పింది.