వదిన పిండిన నూనె

నూనెకి ఏ జబ్బు చేసినా గౌరీశ్వరి ఇట్టే పట్టేసేది. పలాసకి ఏడు కిలోమీటర్ల దూరంలో, కొబ్బరి తోటల మధ్యనున్న ఊళ్ళో ఆమె తలనూనె కాచి అమ్మడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. మొదటి వానాకాలం నూనె ముక్కవాసన కొట్టింది. కడిగిన ఆకు తడి ఆరకుండానే బాండీలో వేస్తున్నానని తనే కనిపెట్టి, రెండు రోజులు నీడన ఆరబెట్టడం నేర్చుకుంది. కుంకుడు రసంతో చేసిన షాంపూ వారం తిరక్కుండా పులిసి సీసా మూతలు ఎగరగొడితే, ఉన్నదంతా పెంట మీద పారబోసి, ఇకమీదట పొడే అమ్ముతానని ఒట్టేసుకుంది. ఫోనులో వీడియో చూసి నూనె కాచేవాళ్ళు వీధికొకరు పుట్టుకొచ్చిన రోజులివి. కాచడం అందరికీ వచ్చు, తప్పెక్కడ జరిగిందో వెతికే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. తనకుందని గౌరీశ్వరికి కాస్త గర్వం. ఆ గర్వం అణగడానికి టెక్కలి నుంచి ఒక్క ఫోను చాలింది.

ఫోను చేసింది ప్రమోదిని. టెక్కలి మెయిన్ రోడ్డులో ఆవిడకి బ్యూటీ పార్లర్ ఉంది. రెండు నెలలుగా గౌరీశ్వరి నూనె ఊరు దాటి వెళ్తోంది, ఇప్పుడు ముప్పాతిక వంతు కొనేది ఆవిడే.

"గౌరిగారూ, మీ ఆయిల్ రాయించుకున్న టీచరమ్మకి నుదురంతా పొక్కులొచ్చేశాయండీ. చెవుల వెనకైతే కాలినట్టు నల్లబడిపోయింది. పార్లర్లో అందరి ముందూ ఏడ్చేసింది."

"మా నూనెతోనా మేడం? అవదండి. ఐదుగురి మీద టెస్టింగ్ సేసినాకే సీసాల్లో పోత్తాను."

ఆ మాట అబద్ధం కాదు. డ్వాక్రా వాళ్ళ శిక్షణలో చెప్పిన పద్ధతిని ఊళ్ళో తు.చ. తప్పకుండా పాటించింది గౌరీశ్వరి ఒక్కతే. కొత్త వాయి కాచినప్పుడల్లా ఐదుగురు ఆడవాళ్ళని పిలిచి, మోచేతి మడత దగ్గర ఒక్కో చుక్క రాసి, రెండు రోజులు ఆగేది. ఎవరికీ ఏమీ కాకపోతేనే సీసాలు నింపేది. రెండేళ్ళలో ఆ ఐదుగురిలో ఒక్కరికి దురద కూడా పుట్టలేదు.

పది రోజులకి రెండో ఫోను. ఈసారి బ్యాంకులో పనిచేసే అమ్మాయి. మరో వారానికి మూడోది. మూడోసారి ప్రమోదిని గొంతులో గారూ లేదు, గౌరవమూ లేదు. "దీపావళిలోగా కారణమేంటో చెప్పండి. లేదంటే సీసాలన్నీ వెనక్కి పంపేస్తాను. మీ నూనె కోసం నా పార్లర్ మూసుకోలేను కదా" అని పెట్టేసింది.

గౌరీశ్వరి లెక్క వేసుకుంది. పోయేది తన బతుకొక్కటే అయితే అంత బాధ లేదు. ఈ నూనె మీద వదిన బంగారమ్మ బతుకు కూడా వేలాడుతోంది. అసలీ నూనె పాకమే వదినది. గుంటగలగరాకు ఎంత, మందారాకు ఎంత, మెంతులు ఎప్పుడు వెయ్యాలి, బాండీలో చిటపటలు ఏ గొంతుకి దిగితే పొయ్యి తియ్యాలి, అన్నీ ఆవిడ నేర్పినవే. తల్లి పోయిన ఆరేళ్ళ గౌరీశ్వరిని కొత్తకోడలిగా వచ్చి పెంచింది. అన్న అప్పలసూరి కిడ్నీ జబ్బుతో పోయి నాలుగేళ్ళు. వదిన మాత్రం ఇప్పటికీ పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్ళి పిక్కలు పగలగొట్టి, సాయంత్రం ఇక్కడికొచ్చి నూనె పని అందుకుంటుంది. గౌరీశ్వరి కూడా పదకొండేళ్ళు అదే పని చేసి బయటపడ్డ మనిషే. "సంకురాత్రి దాటితే నిన్ను జీడి పని మానిపించేత్తాను వదినా, ఇద్దరం కలిసి ఇదే సేసుకుందాం" అని మాటిచ్చింది. ఆ రోజు నుంచి బంగారమ్మ ఫ్యాక్టరీలో కనిపించిన ప్రతివాళ్ళకీ అదే చెప్పుకుని తిరుగుతోంది.

సరే, వెతకడం మొదలుపెట్టింది. ముందు మెంతులు మానేసింది. తర్వాత గానుగ మార్చి, ఎండు కొబ్బరి తన కళ్ళ ముందే ఆడించి తెచ్చింది. ఆ తర్వాత పొయ్యి మీద అనుమానం వచ్చింది. ఆ ఊళ్ళో అందరిలాగే ఆమె కూడా ఫ్యాక్టరీలో మిగిలిన జీడి తొక్కే మంటకి వాడేది. ఆ తొక్కలో ఉండే నల్లటి జిగురు నూనె ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుందని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. పొగలో కలిసి బాండీలోకి దిగుతోందేమోనని గ్యాసు పొయ్యికి మారింది. మార్చిన ప్రతిసారీ ఐదుగురి చేతుల మీదా చుక్కలు పెట్టింది. ఐదుగురూ నిక్షేపంగా ఉన్నారు. టెక్కలిలో మాత్రం ఇంకొకామె చెంప వాచింది.

అలా ఓ సాయంత్రం ఆ ఐదుగురిలో ఒకతె అయిన కృష్ణవేణి చెయ్యి పట్టుకుని చుక్క పెట్టబోతుంటే, మోచేతి కింద రూపాయి బిళ్ళంత నల్లటి జిడ్డు మరక కనిపించింది.

"ఇదేటే? జీడి నూనె సిందిందా?"

"పొద్దున్న సిందింది. తుడుసుకోనేదు."

"మండలేదా?"

కృష్ణవేణి నవ్వింది. "అదేటి కొత్తా? మా తోలెప్పుడో సచ్చిపోనాది గౌరీ. ఇంక దీనికేటీ అవదు."

గౌరీశ్వరి చుక్క పెట్టకుండానే నూనె గిన్నె కింద పెట్టేసింది. ఐదుగురూ జీడి ఫ్యాక్టరీ వాళ్ళే. జీడి నూనె నేరుగా పడినా పొక్కని చేతుల మీద, ఇన్నాళ్ళూ తన నూనె మంచిదో చెడ్డదో పరీక్ష చేస్తూ కూర్చుంది! చెవిటివాడి ముందు శంఖమూది, వాడు ఉలిక్కిపడలేదు కాబట్టి చప్పుడే లేదనుకున్న తెలివి తనది. పోనీ తన చేతి మీద రాసి చూద్దామా అంటే, పదకొండేళ్ళ జీడి తన చర్మంలోనూ ఉంది.

జీడి ముట్టని చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. తొమ్మిదో తరగతి చదువుతూ, జిడ్డని తలకి నూనె రాసుకోని కూతురు చందనది. ఫ్యాక్టరీ గేటు దాటనివ్వకుండా పెంచానని పదిమందిలో గొప్పలు పోయే తల్లి, ఇప్పుడు ఆ మెత్తని చెయ్యి కోసమే వెతుక్కుంది. అడగడానికి నోరు రాలేదు. విషయం విని పిల్లే చెయ్యి చాపింది.

"నా మీద రాయమ్మా. ఓ నాలుగు పొక్కులు వత్తే ఏటవుతాది? పెన్నుతో నంబర్లెయ్యి, నేను సూసుకుంటాను."

సరుకూ పొయ్యీ మార్చి చూసింది, వడపోత ఒక్కటే మిగిలింది గనక మూడు చుక్కలు పెట్టింది. ఒకటి, బాండీలోంచి గరిటెతో నేరుగా తీసిన నూనె. రెండు, తను కొత్త గుడ్డలో వేసి గరిటె కాడతో నొక్కి తీసింది. మూడు, ఎప్పటిలాగే వదిన పిండింది. చెయ్యి చురుక్కుమనే వేడి నూనె గుడ్డని ముద్దచేసి చివరి చుక్కదాకా పిండడం మామూలు చేతులకి అయ్యే పని కాదు. "జీడి కొట్టిన సెయ్యికి ఈ ఏడి ఒక ఏడా? ఇలా తే" అని మొదటి రోజు నుంచీ బంగారమ్మే పిండేది. చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కునే పిండేది. కానీ గోళ్ళ సందుల్లో, అరచేతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి దిగిన నలుపు సబ్బుకి లొంగుతుందా? వేడి నూనెకి లొంగింది.

మూడో రోజుకి ఒకటీ రెండూ పెన్ను గుర్తులుగానే మిగిలాయి. మూడు దగ్గర చర్మం ఎర్రగా లేచి, నీటి పొక్కులు కట్టింది. తప్పు దొరికినప్పుడు మనసు తేలిక పడాలి. గౌరీశ్వరికి ఏడుపొచ్చింది.

వదినకి ఈ సంగతి చెప్పకూడదనుకుంది. చేత్తో తిప్పితే గుడ్డ నలిగి నూనె దిగే చిన్న స్టీలు యంత్రం ఒకటి తెచ్చి పెట్టింది. సాయంత్రం బంగారమ్మ వచ్చేసరికి, "ఇంక నీకు సేతులు కాల్సుకునే పని నేదు వదినా, మెషిను ఒచ్చీసింది" అంది, నవ్వు తెచ్చిపెట్టుకుని.

బంగారమ్మ యంత్రం వంక చూడలేదు. చదువుకుంటున్న చందన చెయ్యి పట్టుకుని దీపం వైపు తిప్పింది. "ఓలమ్మో, ఇదేటే పిల్లా? ఈ మూడేటి?"

పిల్లకి తల్లి కళ్ళ సైగ అందలేదు. "టెస్టింగ్ అత్తా. మూడు అంటే నువ్వు పిండింది" అంది.

బంగారమ్మ ఆ చెయ్యి మెల్లగా కిందపెట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. అడ్డుపడి ఏదో ఒకటి చెప్పాల్సిందని గౌరీశ్వరికి తర్వాత తోచింది. అప్పుడు మాత్రం, ఎలాగైతేనేం చెప్పే బాధ తప్పిందని లోపల్లోపల ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు సాయంత్రం అదే వేళకి వదిన మళ్ళీ వచ్చింది. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ముందుకు చాచింది. బ్లీచింగ్ పౌడరు పోసుకుని కొబ్బరి పీచుతో తోమిందట, మధ్యాహ్నమంతా. అరచేతులు తోలు లేచిపోయి, పచ్చి మాంసంలా ఉన్నాయి. వేళ్ళ కణుపుల దగ్గర రక్తం చెమరుస్తోంది. గోళ్ళ మొదళ్ళలో నలుపు మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఇప్పుడు సూడు గౌరీ. పని కూడా మానీసి కడుక్కున్నాను. ఇప్పుడు పిండొచ్చునా?"

"ఏటి వదినా ఈ పని! ఎవలు సెయ్యమన్నారు నిన్ను?"

"పిండొచ్చునా నేదా, అది సెప్పు."

గౌరీశ్వరి కుర్చీ లాగి ఆవిడని కూర్చోబెట్టింది. చల్లనీళ్ళు తెచ్చింది. చెప్పక తప్పలేదు. "పైపైన పోయేది కాదు వదినా అది. జీడి పని మానీసి, కొత్త గోళ్ళు ఒచ్చీదాకా పోదు. అప్పటిదాకా నువ్వు నూనె ముట్టుకోకు."

"సంకురాత్రికి మానిపిత్తానన్నావు."

"నూనె అమ్ముడైతే గదా మానిపించీది. టెక్కలి మేడం సీసాలు తిప్పి పంపిత్తానంతంది. ఇప్పుడు నిన్ను మానిపిత్తే ఇద్దరం ఏటి తింటాం?"

నూనె నిలబడితే గానీ వదిన జీడి మానలేదు. జీడి మానితే గానీ ఈ నూనె మీద చెయ్యి వెయ్యలేదు. అదంతా బంగారమ్మకి విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. పిక్కలు లెక్కపెట్టే మనిషికి ఆ మాత్రం లెక్క తెలుసు. రెండు అరచేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది.

"మీ అమ్మ పోయినాక పదేళ్ళు, ఇయ్యే సేతుల్తో నీ తలకి నూనె రాసినాను. అప్పుడు కూడా జీడి కొట్టీసొచ్చే రాసీదాన్ని. నీకెప్పుడైనా పొక్కినాదా?"

గౌరీశ్వరి చెయ్యి తన చెవి వెనక్కి వెళ్ళింది. పొక్కింది. ఎందుకు పొక్కలేదు? పాపిట వెంట, చెవుల వెనక, మెడ మీద పుళ్ళు కట్టి, రాత్రిళ్ళు దిండుకి జుట్టు అంటుకుపోయేది. వేడి చేసిందన్నారు, ఎండ పొక్కులన్నారు. వదినే చంకనేసుకుని రావివలస తీసుకెళ్ళి, ఎండల మల్లన్నకి మొక్కి గుండు కొట్టించింది. గుండు మీద నూనె రాయరు గదా, పుళ్ళు మాడిపోయాయి. మల్లన్న దయ అనుకున్నారు. జుట్టు పెరిగాక మళ్ళీ నూనె, మళ్ళీ పుళ్ళు. ఏడేళ్ళకో ఎనిమిదేళ్ళకో తోలు మొద్దుబారి ఆ బాధ పోయింది. ఇదంతా బంగారమ్మకీ గుర్తే ఉండాలి. కానీ ఆవిడ జ్ఞాపకంలో అవి ఎండ పొక్కులే.

కన్నబిడ్డలు లేని ఆవిడకి తను పెంచిన పిల్ల ఒక్కటే మిగిలింది. ఆ పిల్ల తలని ఏళ్ళ తరబడి కాల్చింది నువ్వేనని ఏ నోటితో చెప్పడం?

"నేదు వదినా" అంది గౌరీశ్వరి. "నాకెప్పుడూ పొక్కనేదు."

బంగారమ్మ తలాడించింది. ఆ జవాబు తనకి ముందే తెలుసన్నట్టు లేచి, పచ్చి చేతులతో కొంగు సర్దుకోబోయి, మంటకి మానేసింది.

"మరైతే నా సేతుల్లో ఏ తేడా నేదు గౌరీ. అప్పుడూ ఇయ్యే, ఇప్పుడూ ఇయ్యే. నువ్వు పెద్దదానివైపోనావు, నా సెయ్యి నీకు అక్కర్లేకపోనాది. అది సెప్పడానికి పిల్ల సెయ్యి కాల్సీడం ఎందుకు?"

గౌరీశ్వరి నోరు తెరిచింది. కాదని చెప్పాలంటే, చెప్పకూడదనుకున్నదే చెప్పాలి. ఆమె నోరు మూసుకుంది, వదిన మెట్లు దిగి వెళ్ళిపోయింది.